కంచం ఖాళీ కానివ్వరు

టిబిలిసి నగరం మీదికి తొంగిచూసే కొండపై 1958లో ఓ తల్లి విగ్రహం నిలబెట్టారు. ఒక చేతిలో కత్తి, మరో చేతిలో వైన్ గిన్నె. కత్తి శత్రువుకు, గిన్నె అతిథికి. జార్జియాలో (అమెరికా రాష్ట్రం కాదు, కాకసస్ పర్వతాల కింది దేశం) ఈ రెండింటిలో ఎక్కువ భయపడాల్సింది గిన్నెకేనని కఖేతీ పల్లెల్లో ఓ శని, ఆదివారాలు గడిపినవారికి తెలిసివస్తుంది.

కఖేతీ రాజధానికి తూర్పున ఉన్న ద్రాక్షతోటల సీమ. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడ ర్త్వెలి, అంటే ద్రాక్షకోత. పట్నంలో స్థిరపడ్డ పిల్లలు, వాళ్ల స్నేహితులు, ఆ స్నేహితుల వెంటబడి వచ్చిన పరదేశులు మార్ష్రుత్కా అనే చిన్న వ్యానులో కిక్కిరిసి దిగుతారు. వైద్యవిద్య కోసం వెళ్లిన తెలుగు విద్యార్థులకూ ఇలాంటి పిలుపులు అందుతుంటాయి. పగలంతా బుట్టలు మోయాలి. రాత్రి భోజనానికి కూర్చోవాలి. మొదటిదే తేలిక.

ఆ విందు పేరు సుప్రా. జున్ను కూరిన ఖచాపురి, అక్రోటు ముద్ద పెట్టి చుట్టిన వంకాయ, ద్రాక్షతీగల నిప్పుల మీద కాల్చిన మాంసం. బల్ల మీద చోటు చాలకపోతే పళ్లెం మీద పళ్లెం పెడతారు. రొట్టెను పూరి అంటారు. పేరు విని మనవాళ్లు సంబరపడతారు గానీ అది మట్టి పొయ్యి గోడకు అంటించి కాల్చేది. 'వద్దనుకుంటూనే మొత్తం తినేశాను' అనడానికి జార్జియన్ భాషలో ఒకే మాట ఉంది: షెమోమెచామా. అవసరం లేకుండా భాషలో మాటలు పుట్టవు.

విందుకు పెద్ద తామాదా. ఆయన మాట్లాడనిదే గ్లాసు ఎత్తకూడదు. శాంతి కోసం ఒకసారి, పోయినవారి కోసం ఒకసారి, పిల్లల కోసం, తర్వాత అతిథి కోసం. ప్రతి ప్రసంగం చివరా 'గౌమర్జోస్', విజయం అని. తాగనివారు ఎలాగోలా తప్పించుకోగలరేమో గానీ, తామాదా 'అలవెర్ది' అంటూ మాటను అతిథికి అప్పగిస్తే మాత్రం దారి లేదు. అమ్మానాన్నల గురించి నలుగురిలో ఎన్నడూ నోరు విప్పని మనిషి కూడా, వచ్చీరాని భాషలో, లేచి నిలబడి మాట్లాడాల్సిందే. అతిథి దగ్గర ఆ ఇంటివారు వసూలు చేసేది అదొక్కటే.

వైన్ దుకాణంలోది కాదు. మెడ దాకా నేలలో పాతిన క్వెవ్రి అనే మట్టి బానల్లోది. ఈ పద్ధతిని యునెస్కో 2013లో వారసత్వ జాబితాలో చేర్చింది. 2006లో రష్యా జార్జియా వైన్‌ను నిషేధించడంతో ఆ దేశపు అతి పెద్ద మార్కెట్ మూతపడింది, మళ్లీ తెరుచుకున్నది 2013లో. కానీ పెరటి బాన లెక్క వేరు. అది అమ్మకానికి పెట్టింది కాదు, ఎవరో ఒకరు వస్తారని పెట్టింది.

ఈ ఔదార్యంలో ఒక మెలిక ఉంది. సంప్రదాయ సుప్రాలో తామాదా దాదాపు ఎప్పుడూ మగవాడే. స్త్రీల గౌరవార్థం ఆయన అందమైన ప్రసంగం చేస్తున్నప్పుడు ఆ స్త్రీలు వంటగదిలో వేడి రొట్టెలు అందుకుంటుంటారు. పేరు ఇంటాయనది, చాకిరీ ఇంటావిడది. మన పెళ్లిళ్లలో కొసరి కొసరి వడ్డించే చేతులు చూసినవారికి ఇదేమీ వింత కాదు.

కఖేతీలో ఇప్పుడు డబ్బు తీసుకునే అతిథి గృహాలూ బోలెడు. అక్కడ సగం తిని లేచినా అడిగేవారుండరు, బిల్లు కడితే రుణం తీరిపోతుంది. పిలిచి పెట్టిన ఇంట్లో ఆ వెసులుబాటు లేదు. ఆదివారం పొద్దున దిండు కింద నాలుగు నోట్లు పెట్టి బయటపడదామని చూసే అతిథి, గుమ్మం దాటకముందే దొరికిపోతాడు. ఇంటావిడ ముఖం చిన్నబోతుంది. సంచి లాక్కుని ప్లాస్టిక్ సీసాలో వైన్, ద్రాక్షరసంలో ముంచి ఆరబెట్టిన అక్రోటు దండలు కుక్కుతుంది. వ్యాను కదిలాక సంచి అడుగున చెయ్యి పెడితే ఆ నోట్లు పెట్టిన మడతలోనే తగులుతాయి.