మాత్రతో ముగియదు.. పరీక్ష తప్పదు

నరసన్నపేట: గర్భవిచ్ఛిత్తి మాత్రలు వాడిన కొద్ది వారాలకు పొత్తికడుపులో నొప్పి. ఇక పిల్లలు పుట్టరేమోనన్న బెంగ. ఎవరికి చెప్పుకోవాలో తెలియని మౌనం. జలుమూరు, పోలాకి, సారవకోట మండలాలకు కూడలి అయిన నరసన్నపేట వంటి పట్టణాల్లో ఈ వేదన బయటకు కనిపించదు. మాత్రలు గుట్టుగా మింగినవారు నొప్పినీ గుట్టుగానే భరిస్తారు. అసలు ముప్పు మాత్రలో కన్నా ఈ గుట్టులోనే ఎక్కువగా ఉంది.

ఆసుపత్రి గడప తొక్కకుండానే..

2015లో దేశంలో సుమారు 1.56 కోట్ల గర్భస్రావాలు జరిగాయని ‘లాన్సెట్ గ్లోబల్ హెల్త్’ పత్రికలో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. వాటిలో 73 శాతం ఆసుపత్రుల వెలుపల మాత్రలతో జరిగినవే. మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ మాత్రలను వైద్యుని చీటీ లేకుండా విక్రయించరాదన్నది నిబంధన. పరీక్ష లేకుండా వాడితే గర్భం ఎన్ని వారాలదో, గర్భసంచిలో ఉందో అండనాళంలో ఉందో తేలదు. నాళంలో నిలిచిన గర్భాన్ని ఈ మాత్రలు తొలగించలేవు. అది చిట్లితే ప్రాణాపాయమే.

ఏ నొప్పి ప్రమాదకరం?

మాత్రలు వాడిన తొలి రోజుల్లో నొప్పి, రెండు వారాల వరకు రక్తస్రావం సహజం. నొప్పి తగ్గకుండా కొనసాగినా, తగ్గి మళ్లీ వచ్చినా గర్భసంచిలో అవశేషాలు మిగిలి ఉండవచ్చు, లేదా ఇన్‌ఫెక్షన్ సోకి ఉండవచ్చు. జ్వరం, దుర్వాసనతో కూడిన స్రావం, గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసేంత రక్తస్రావం, కళ్లు తిరిగి పడిపోవడం.. వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి చేరాలి. రక్తహీనత ఉన్నవారికి జాప్యం మరింత ప్రమాదకరం.

సంతానంపై భయం ఎంతవరకు నిజం?

సక్రమంగా పూర్తయిన గర్భవిచ్ఛిత్తి వల్ల సంతానయోగ్యత దెబ్బతినదు. మాత్రలు వాడిన రెండు వారాల్లోపే అండం విడుదల కావచ్చు. అంటే నెలసరి రాకముందే మళ్లీ గర్భం నిలిచే అవకాశం ఉంది. డెన్మార్క్‌లో 11,814 గర్భాలను పరిశీలించిన అధ్యయనం 2007లో వెలువడింది. శస్త్రచికిత్సతో పోలిస్తే మాత్రల వల్ల తదుపరి కాన్పుల్లో ముప్పు పెరిగినట్లు అందులో తేలలేదు. అయితే ఇన్‌ఫెక్షన్‌ను నిర్లక్ష్యం చేస్తే అది అండనాళాలకు పాకి, అవి మూసుకుపోవచ్చు. సంతానలేమికి దారితీసేది ఈ నిర్లక్ష్యమే. సకాలంలో యాంటీబయాటిక్ చికిత్స అందితే చాలావరకు నివారించవచ్చు.

చట్టం అండ ఉంది

1971 నాటి చట్టాన్ని 2021లో సవరించారు. నిబంధనల మేరకు అర్హత గల వైద్యుల పర్యవేక్షణలో 9 వారాల వరకు మాత్రలతో గర్భవిచ్ఛిత్తి చేయించుకోవచ్చు. 18 ఏళ్లు నిండిన మహిళకు తన సమ్మతి చాలు, భర్త సంతకం అక్కర్లేదు. అవివాహితలకూ ఈ హక్కు వర్తిస్తుందని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చట్టం అనుమతించినవారికి తప్ప మహిళ పేరును వైద్యుడు వెల్లడిస్తే ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు.

మాత్రలు వాడిన రెండు వారాలకు ఒకసారి పరీక్ష చేయించుకోవాలన్న మాటను ఆశా కార్యకర్తలు ఇంటింటికీ చేరవేస్తే ఎన్నో కడుపుకోతలు తప్పుతాయి. గుట్టు కాపాడే బాధ్యతను చట్టం వైద్యునిపైనే ఉంచింది. నొప్పిని దాచుకోవలసిన అవసరం ఏ మహిళకూ లేదు.