గోధుమ బీరు సరే, సీసా కల్లు మాటేమిటి?

కోటగిరి నుంచి హైదరాబాదు వెళ్ళి కొలువులు చేస్తున్న కుర్రాళ్ళు పండక్కి ఊరొచ్చినప్పుడు చెప్పే కబుర్లలో ఇప్పుడు గోధుమ బీరు కూడా చేరింది. హోటల్లోనే కాచి, అక్కడే పులియబెట్టి, అక్కడే గ్లాసులో పోసే బీరు ఇది. ఇలాంటి మైక్రోబ్రూవరీలకు ప్రభుత్వం 2015లో నిబంధనలు తెచ్చింది. గ్లాసు ధర మాత్రం కూలివాడికి అందేది కాదు.

మొదటిసారి చూసినవారు పెదవి విరుస్తారు. సీసా బీరులా తేటగా ఉండదు, మసగ్గా ఉంటుంది. ముక్కు దగ్గర పెడితే అరటిపండు వాసన, దాని వెనకే లవంగం వాసన. ఏదో సెంటు కలిపారని అనుమానం! బవేరియా పద్ధతిలో చేసిన బీరులో అలాంటిదేమీ కలపరు. అక్కడ సగానికి తగ్గకుండా గోధుమ మాల్టు వాడతారు. పులియబెట్టే ఈస్టే ఆ వాసనలు పుట్టిస్తుంది. బెల్జియం పద్ధతిలో అయితే ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. చేదు తక్కువ, మత్తు అయిదు శాతానికి కాస్త అటూ ఇటూ.

మసక చూసి మొహం తిప్పుకోవలసిన అవసరం ఈ ప్రాంతం వారికి లేదు. ఈత కల్లూ మసకే, అందులోనూ ఈస్టే పనిచేస్తుంది. తెల్లవారుజామున లొట్టి దించినప్పుడు తీపి, ఎండెక్కేసరికి పులుపు, మర్నాటికి నోట పెట్టలేనంత పులుపు. ఏ పూట కల్లో నాలుక మీద వేసుకుని చెప్పగల పెద్దలు ఊరూరా ఉండేవారు. గోధుమ బీరులో పులుపు తగిలితే మాత్రం సాధారణంగా అది చెడినట్టే. ఈ తేడా తెలిస్తే తీర్పు చెప్పడం కష్టమేమీ కాదు.

బవేరియాలో 1516లోనే బీరులో బార్లీ, హాప్ పువ్వు, నీళ్ళు తప్ప మరేదీ వాడరాదని కట్టడి చేశారు. తాగేదానిలో ఏముందన్న ప్రశ్నకు అయిదు వందల ఏళ్ళు దాటాయి. ఇక్కడ దుకాణంలో చేతికొచ్చే కల్లు సీసాను ఆ ప్రశ్న అడిగేవారేరీ?

2025 ఏప్రిల్‌లో కూతవేటు దూరంలోని నస్రుల్లాబాద్ మండలంలో కల్తీ కల్లు తాగి పదుల సంఖ్యలో జనం ఆస్పత్రి పాలయ్యారు. ఆ జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో ప్రాణాలే పోయాయి. కల్తీ కల్లులో పడుతున్నవి అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి నిద్ర మందులు. అల్ప్రాజోలం మిల్లీగ్రాముల్లోనే మనిషిని పడగొడుతుంది. తీపికి శాకరిన్ వేశాక ఎంత అనుభవమున్న నాలుకయినా దాన్ని పట్టలేదు. మర్నాటికీ తియ్యగానే ఉన్న కల్లును అనుమానించవచ్చు, అంతకుమించి తాగేవాడు చేయగలిగింది లేదు.

ఊరు చేయగలిగింది ఒకటుంది. ఎన్ని ఈత చెట్లు, ఎన్ని తాళ్ళు గీస్తున్నారో లెక్క అందరి కళ్ళ ముందే ఉంది. దుకాణంలో రోజుకెన్ని సీసాలు ఖాళీ అవుతున్నాయో కూడా తెలుసు. రెండు లెక్కలూ కుదరకపోతే మిగతా కల్లు ఏ చెట్టు నుంచి కారుతోంది? మోకు, ముస్తాదు కట్టుకుని ప్రాణానికి తెగించి చెట్టెక్కే గీత కార్మికుడికి కూడా ఈ లెక్క తేలితేనే మేలు. అతని కల్లుకు చెడ్డపేరు తెచ్చేది చెట్టు లేని కల్లే.

దుకాణాలన్నీ ఒక్కసారి మూసేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. 2015 సెప్టెంబరులో దాడులు జరిగినప్పుడు నిజామాబాదు, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మందు కల్లుకు అలవాటుపడినవారు అది దొరక్క పిచ్చి చేష్టలతో, ఫిట్స్‌తో ఆస్పత్రులకు చేరారు. కొందరు చనిపోయారు. ముందు బాన్సువాడ, బోధన్ ఆస్పత్రుల్లో వైద్యం సిద్ధం చేసి, ఆ తర్వాతే కల్తీని అరికట్టాలి. ఎక్సయిజు వారు నమూనాలు తీసుకువెళ్ళడంతో సరిపెట్టుకోక, ఫలితం ఏమిటో ఆ ఊరికే చెప్పాలి. దాన్ని పంచాయతీ గోడ మీద అంటించడానికి ఒక కాగితం, కాస్త మైదా బంక చాలు.