ఉప్పు, పప్పు, నిప్పు: తొందర లేని ఆట



పోయిన నెల గుడి మెట్ల దగ్గర ఒక తల్లి నన్ను ఆపి అడిగారు. "టీచర్, మా బాబు బడిలో ఫోన్ మీద క్విజ్ ఆటలు ఆడతాడు. తెలుగు క్లాసులో కూడా అవి పెడితే ఆదివారం తనే లేచి వస్తాడు కదా? ఏ ఆట మంచిది?" తర్వాత ఇంకో ఇద్దరు కూడా ఇదే అడిగారు. అందుకే ఈ నెల ఆ ఆటల గురించి రాస్తున్నాను.

వారంలో అయిదు రోజులు నేను డర్బన్‌లో ఒక బడిలో లెక్కలు చెప్తాను. ఆదివారం గుడి హాలులో తెలుగు చెప్తాను. క్విజ్ ఆటలు రెండు చోట్లా వాడాను. లెక్కల్లో బాగా పనిచేసిన ఆట తెలుగులో పనిచెయ్యలేదు. ఎందుకో తెలుసుకోవడానికి నాకు ఒక టర్ము పట్టింది.

ముందు ఆటలను ఒక్కొక్కటిగా చూద్దాం.

కహూట్ నార్వే దేశంలో పుట్టింది. 2013లో అందరికీ అందుబాటులోకి వచ్చింది. మామూలుగా ప్రశ్న గోడ మీది పెద్ద తెరపై కనిపిస్తుంది. పిల్లల ఫోన్లలో ఎర్ర త్రికోణం, నీలం డైమండ్, పసుపు వృత్తం, ఆకుపచ్చ చదరం కనిపిస్తాయి. సరైన జవాబును త్వరగా నొక్కితే ఎక్కువ పాయింట్లు. చివర్లో మొదటి ముగ్గురి పేర్లు తెర మీద వస్తాయి. హాలంతా కేకలే. టీచర్ కావాలనుకుంటే ప్రశ్నకు సమయం పెంచవచ్చు. పాయింట్లు లేకుండా కూడా ఆడించవచ్చు.

క్విజిజ్ 2015లో బెంగళూరులో మొదలైంది. 2025లో దాని పేరు వేగ్రౌండ్ అని మార్చారు. పాత పేరుతో వెతికేవాళ్ళు ఇది గుర్తుంచుకోండి. ఇందులో ప్రశ్న, జవాబులు రెండూ పిల్లల ఫోన్‌లోనే ఉంటాయి. ఎవరి వేగం వాళ్ళది. టైమర్ తీసెయ్యవచ్చు. ఇంటిపనిగా కూడా ఇవ్వవచ్చు.

క్విజ్‌లెట్‌ను 2005లో అమెరికాలో ఒక హైస్కూల్ కుర్రాడు తయారుచేశాడు. అతను ఫ్రెంచి మాటలు గుర్తుపెట్టుకోవడానికి దాన్ని చేసుకున్నాడు. ఒక వైపు మాట, ఇంకో వైపు అర్థం ఉండే కార్డులు ఇందులో ముఖ్యం. దీనిలో జట్లుగా ఆడే ఆట కూడా ఉంది. జట్టులో ఒక్కొక్కరి ఫోన్‌లో వేర్వేరు జవాబులు ఉంటాయి. సరైన జవాబు ఒక్కరి దగ్గరే ఉంటుంది. అందుకని పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడక తప్పదు. తప్పు నొక్కితే జట్టు మళ్ళీ మొదటికి వస్తుంది.

బ్లూకెట్, గిమ్‌కిట్ అనేవి ఇంకో రకం. సరైన జవాబు చెప్తే ఆటలో బంగారమో డబ్బో వస్తుంది. బ్లూకెట్‌లో ఒక ఆట ఉంది. అందులో పెట్టె తెరిస్తే బంగారం దొరకవచ్చు, పక్కవాడి బంగారం కూడా లాక్కోవచ్చు. అదృష్టం కలవడం వల్ల వెనకబడ్డ పిల్లలు కూడా గెలుస్తారు. అది మంచిదే. కానీ మా పిల్లల కళ్ళు మాట మీద కంటే బంగారం మీదే ఎక్కువ ఉన్నాయి.

చివరిది ప్లికర్స్. దీనికి పిల్లల దగ్గర ఫోన్లు అక్కరలేదు. ఒక్కొక్కరికి ఒక కాగితం కార్డు ఇస్తాం. దాని మీద నలుపు తెలుపు గుర్తు ఉంటుంది. దాని నాలుగు వైపులా ఏ, బీ, సీ, డీ అని చిన్న అక్షరాలు ఉంటాయి. మీ జవాబు పైకి వచ్చేలా కార్డు పట్టుకోవాలి. టీచర్ ఒక్క ఫోన్ కెమెరాతో అందరి జవాబులూ చూస్తుంది. ఒక్కో కార్డు గుర్తు ఒక్కో రకం. అందువల్ల పక్కవాళ్ళ కార్డు చూసి కాపీ కొట్టడం కష్టం.

ఇప్పుడు నా క్లాసులో జరిగింది చెప్తాను.

పోయిన ఏడాది నేను సమయం పెట్టి ఒక ఆట ఆడించాను. ఏ ఆట అన్నది ముఖ్యం కాదు. సమయం పెట్టింది నేనే. ప్రశ్నకు 20 సెకన్లు ఇచ్చాను. మగపిల్లలు కుర్చీల మీద నుంచి లేచి గంతులు వేశారు. నాకూ సంతోషం వేసింది. క్లాసులో పదకొండేళ్ళ అమ్మాయి ఒకతె ఉంది. నెమ్మదస్తురాలు. నాలుగు ఆదివారాలు వరుసగా ఆమే చివర వచ్చింది. అయిదో ఆదివారం రాలేదు. వాళ్ళ అవ్వ ఫోన్ చేశారు. "టీచరమ్మా, తనకి తెలుగు రాదని చెప్పి కూర్చుంది. ఇంక రానంటోంది."

నేను ఆశ్చర్యపోయాను. ఎందుకంటే నా క్లాసులో ఒక వాక్యం మొత్తం ఆగకుండా చదవగలిగేది ఆ అమ్మాయి ఒక్కతే.

తర్వాతి వారం మళ్ళీ అదే ఆట పెట్టాను. ఈసారి తెర దగ్గర నిలబడలేదు. పిల్లల వెనక కూర్చున్నాను. కొబ్బరికాయ బొమ్మ వచ్చింది. కింద నాలుగు మాటలు: ఉప్పు, ఏనుగు, కొబ్బరికాయ, నీళ్ళు. అందరికంటే ముందు నొక్కిన అబ్బాయిని "ఎలా చదివావు?" అని అడిగాను. "చదవలేదు ఆంటీ. కొబ్బరికాయ పెద్ద మాట కదా. పొడుగ్గా ఉన్నది నొక్కాను" అన్నాడు.

తెలివైన పిల్లవాడు. తప్పు నా ప్రశ్నలో ఉంది. ఆ అమ్మాయి మాత్రం నాలుగు మాటలూ అక్షరం అక్షరం చదివేది. చదివేసరికి 20 సెకన్లు అయిపోయేవి. చదవని పిల్లలకు పాయింట్లు ఇచ్చాను. చదివిన పిల్లకు తెలుగు రాదని నాలుగు వారాలు చెప్పాను.

లెక్కల క్లాసులో ఈ తేడా నాకు తెలియలేదు. అక్కడ పిల్లలు ప్రశ్నను ఒక క్షణంలో చదివేస్తారు. మిగిలిన సమయం ఆలోచనకు వాడతారు. మన తెలుగు క్లాసులో చదవడమే పాఠం. దానికే సమయం ఇవ్వకపోతే ఇంకేం నేర్పుతున్నట్టు?

అందుకని రెండు పనులు చేశాను. మొదటిది, ప్రశ్నలు మార్చాను. ఉప్పు బొమ్మ కింద ఈ నాలుగు మాటలు పెట్టాను: ఉప్పు, పప్పు, నిప్పు, అప్పు. అన్నీ ఇంచుమించు ఒకే పొడుగు. చివర ఒకేలా ఉంటాయి. మొదటి అక్షరం చూడాలి. ఇంకో ప్రశ్నకు పాలు, పాము, పాట, పాప పెట్టాను. ఇక్కడ మొదటి అక్షరం ఒకటే. చివరిది చూడాలి. రెండు రకాలూ కలిపి ఇస్తే చదవకుండా జవాబు చెప్పడం కష్టం.

రెండోది, టైమర్ మానేసి ప్లికర్స్ కార్డులు అచ్చు వేయించాను. అవ్వకు ఫోన్ చేసి, "ఒక్క వారం మీరూ తనతో రండి" అని బతిమాలాను. ఇద్దరూ వచ్చారు. ఉప్పు ప్రశ్నకు సగం మంది తప్పు చెప్పారు. ఆ అమ్మాయి కార్డు సరిగ్గా ఉంది. నాలుగు మాటలూ పైకి చదవమన్నాను. మెల్లగా, తప్పు లేకుండా చదివింది.

"అప్పు అంటే ఏమిటి ఆంటీ?" అని ఒక అబ్బాయి అడిగాడు. నేను చెప్పేలోపు వెనక నుంచి అవ్వ అన్నారు: "ఇంకొకరి దగ్గర తీసుకుని తిరిగి ఇవ్వాల్సిన డబ్బు, నాయనా. మా తాత చెప్పేవాడు, ఆ అప్పు వల్లే మనవాళ్ళు కొందరు ఓడ ఎక్కారని." హాలులో ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు రెండో ప్రశ్నకు వెళ్ళలేదు. మిగతా సమయమంతా అవ్వ చెప్పిన కథే విన్నాం.

ఆ అమ్మాయి ఇప్పుడు ప్రతి వారం వస్తోంది.

మరి ఏ ఆట మంచిది? నా జవాబు ఇది. చదవడం ఇంకా నేర్చుకుంటున్న పిల్లలకు ప్లికర్స్ మంచిది. ఇంటి దగ్గర చదువుకోవడానికి టైమర్ తీసేసిన క్విజిజ్ లేదా క్విజ్‌లెట్ కార్డులు మంచివి. జట్టు ఆట పెడితే జవాబులు తెలుగులోనే చదివి వినిపించాలని ముందే చెప్పండి. లేకపోతే అంతా ఇంగ్లీషులోనే అయిపోతుంది. కహూట్, బ్లూకెట్, గిమ్‌కిట్ పండగ రోజుకు, టర్ము చివరి రోజుకు బాగుంటాయి. అప్పటికి బాగా వచ్చిన మాటలతోనే ఆడించండి.

ఇంకో మూడు మాటలు. మన దేశంలో డేటా ఖరీదు మీకు తెలుసు. పన్నెండు మంది పిల్లలు పన్నెండు ఫోన్లు తేవాలని అడగకండి. తేలేని పిల్ల ఆ మాట చెప్పదు, రావడం మానేస్తుంది. ఆటలో పిల్లల పూర్తి పేరు పెట్టనివ్వకండి. ముద్దుపేరు చాలు. ఏది ఉచితం, దేనికి డబ్బు కట్టాలి అన్నది మారుతూ ఉంటుంది. క్లాసుకు ముందు రోజు ఒకసారి చూసుకోండి.

దక్షిణాఫ్రికా రాజ్యాంగం ఆరో సెక్షన్‌లో, గౌరవించి ప్రోత్సహించాల్సిన భాషల్లో తెలుగు పేరు కూడా ఉంది. కానీ మా క్లాసు పిల్లలకు తెలుగు దొరికేది వారానికి ఒక గంట. అందులో ఆటకు పది నిమిషాలు చాలు. మిగతా యాభై నిమిషాలు పిల్లల నోట తెలుగు వినిపించాలి.

ఈ నెల పని: మీ అవ్వనో తాతనో అడిగి, చివర ఒకేలా వినిపించే నాలుగు మాటలు రాసుకుని రండి. అర్థాలు కూడా వాళ్ళనే అడగండి.

ఈ నెల మాటలు:
నిప్పు: మంటలో ఉండేది. ముట్టుకుంటే కాలుతుంది.
అప్పు: తిరిగి ఇవ్వాల్సిన డబ్బు.
నెమ్మదస్తురాలు: తొందరపడని, గొడవ చెయ్యని అమ్మాయి.
బతిమాలడం: దయచేసి అని మళ్ళీ మళ్ళీ అడగడం.

వచ్చే నెల కలుద్దాం.