పొటాష్ బస్తా దగ్గర అణుపాఠం

నల్లమలలో యురేనియం అన్వేషణ వద్దంటూ 2019లో తెలుగు రాష్ట్రాలు రెండూ అట్టుడికాయి. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానమే చేసింది. ఆ చర్చలో ‘రేడియేషన్’ అన్న మాట మోగినంతగా ఒక్క అంకె మోగలేదు. అంతా పరిమితుల్లోనే ఉందని అధికారులంటారు, కాదని ఊరంటుంది. ఎంత, దేనితో పోల్చి, ఎన్నాళ్లు కొలిచి అన్నారని అడగడం మనకు బడిలో ఎవరూ నేర్పలేదు. ఆ ప్రశ్నలు హైస్కూల్లోనే పుట్టాలి, అదీ పిల్లల చేత కొలిపించడం ద్వారా. అందుకు పాత కృష్ణా జిల్లా మెట్ట, అంటే నేటి ఎన్టీఆర్ జిల్లాలోని జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం, చక్కగా సరిపోతుంది.

జగ్గయ్యపేట సున్నపురాయి మీద బతుకుతున్న ఊరు. సిమెంటు ఫ్యాక్టరీలకు అదే ఆధారం, అక్కడి బౌద్ధ స్తూపం ఫలకాలు చెక్కిందీ సున్నపురాతిలోనే. కంచికచర్ల, పరిటాల వైపు వస్తే కంకర క్వారీలు. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద ఇటుకలై గోడల్లో చేరుతోంది. సున్నపురాయిలో రేడియేషన్ వెదజల్లే యురేనియం, థోరియం సాధారణంగా తక్కువ, గ్రానైట్‌లో ఎక్కువ. బొగ్గు కాలిపోయాక అందులోని ఆ మూలకాలు బూడిదలో చిక్కబడతాయి. ఇంత వైవిధ్యం ఒక్క బస్సు ప్రయాణం దూరంలో ఉంది. ఏ రాయి దగ్గర రేడియేషన్‌ను లెక్కించే గీగర్ కౌంటర్ ఎక్కువ టిక్కుమంటుందో పిల్లలు ముందే ఊహించి రాసుకుని, తర్వాత కొలిచి సరిచూసుకోవచ్చు.

అన్నిటికన్నా మంచి నమూనా రైతు ఇంట్లోనే ఉంది. పత్తికీ మిరపకూ వేసే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్‌లో సహజసిద్ధమైన పొటాషియం-40 ఉంటుంది. కిలో ఎరువులో సెకనుకు దాదాపు 16 వేల పరమాణువులు విచ్ఛిన్నమవుతాయి. బస్తాకు గీగర్ కౌంటర్ ఆనిస్తే టిక్కులు పెరుగుతాయి. మరి నాన్న దాన్ని ఏళ్ల తరబడి చేత్తో చల్లుతున్నాడు కదా అని పిల్లవాడు అడుగుతాడు. మన ఒంట్లోనూ అదే పొటాషియం పరమాణువులు సెకనుకు నాలుగు వేలకు పైగా విచ్ఛిన్నమవుతున్నాయని చెప్పాల్సింది అప్పుడే. రేడియేషన్ ఉందా లేదా అన్న ప్రశ్న అక్కడితో చెల్లిపోతుంది, ఎంత అన్నదే మిగులుతుంది.

రాడాన్ సంగతి కాస్త చిక్కు. యురేనియం సంతతిలో రేడియం నుంచి పుట్టే ఈ వాయువుకు రంగూ వాసనా లేవు, అర్ధాయుష్షు 3.8 రోజులు. సహజ రేడియేషన్ వల్ల మనిషికి ఏడాదికి సగటున అందే 2.4 మిల్లీసీవర్ట్‌ల మోతాదులో సుమారు సగం దీని చలవే. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో 3 నుంచి 14 శాతానికి ఇది కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. కానీ విదేశీ పాఠాన్ని యథాతథంగా దించుకుంటే లాభం లేదు. అక్కడి కథ నేలమాళిగలది, చలికి బిగించిన తలుపులది. మెట్ట ఊళ్లలో కిటికీలు తెరిచే ఉంటాయి. ఇక్కడ అడగాల్సింది కొత్తగా వచ్చిన ఏసీ గది గురించి, రాతిపొరల్లోంచి అప్పుడే తోడిన బోరు నీటి గురించి.

మామూలు గీగర్ కౌంటర్ గదిలోని రాడాన్‌ను నేరుగా కొలవలేదు. దానికో పాత ఉపాయముంది. 1901లో ఎల్‌స్టర్, గైటెల్ అనే ఇద్దరు జర్మన్ బడిపంతుళ్లు (విశ్వవిద్యాలయ ప్రొఫెసర్లు కారు, గమనించండి) రుణావేశమిచ్చిన తీగను గాలిలో వేలాడదీసి, దానికి రేడియోధార్మిక పదార్థం అంటుకోవడం చూశారు. నేటి బడిలో తీగకు బదులు బెలూన్ చాలు. ఉన్నిగుడ్డతో రుద్ది, రాత్రంతా మూసి ఉంచిన గదిలో కాసేపు వేలాడదీసి, గాలి తీసేసి కౌంటర్ దగ్గర పెడితే టిక్కులు పెరుగుతాయి. సుమారు ముప్పావుగంటకు ఆ పెరిగిన భాగం సగానికి పడిపోతుంది. ఒక పీరియడ్‌లో అర్ధాయుష్షు కళ్లకు కడుతుంది. 3.8 రోజులు కదా, ముప్పావుగంటేమిటని నిలదీసిన పిల్లకు మార్కులు వేయాలి. బెలూన్‌కు అంటుకున్నది రాడాన్ కాదు, దాని నుంచి పుట్టిన సీసం, బిస్మత్‌ల ఐసోటోపులు. వాటి అర్ధాయుష్షులు 27, 20 నిమిషాలు. గాలిలో తేమ ఉంటే ఆవేశం నిలవదు కనుక ఈ ప్రయోగం గాలి పొడిగా ఉన్న రోజులకు పెట్టుకోవడం మేలు.

పిల్లలు లెక్కలు చెబితే ఊళ్లో గగ్గోలు పుడుతుందన్న భయం ఉంది. అందులో కొంత నిజముంది. అందుకే చవక పరికరం తెరమీద చూపే మైక్రోసీవర్ట్ అంకెను పక్కనపెట్టించి కౌంట్లే రాయించాలి. పొటాష్ నుంచి వచ్చే బీటా కణాలకు ఆ అంకె సరిపోదు. నిమిషానికి 20 టిక్కులొస్తే మరుసటి నిమిషం 15 రావచ్చు, 25 రావచ్చు. అదే పది నిమిషాల్లో 200 వస్తే, ఊగిసలాట 14 చుట్టూ ఉంటుంది. కొలత ఎంత సేపైతే మాట అంత గట్టిది. ఇళ్లలో రాడాన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఘనపు మీటరుకు 100 బెక్వెరెల్‌ల (బెక్వెరెల్ అంటే సెకనుకు ఒక విచ్ఛిత్తి) స్థాయి ఏడాది సగటుకే వర్తిస్తుంది, ఒక తెల్లవారుజామున తీసిన రీడింగుకు కాదు. ఈ కొలతలతో ఊరి పటం గీస్తే, దాని మీద ఇళ్ల పేర్లు పెట్టకూడదు.

అసలు రాడాన్ కొలతకు ఆల్ఫా కణాల జాడలు పట్టే ఎల్‌ఆర్-115 ఫిల్ములున్నాయి. నెలల తరబడి గోడకు వేలాడదీసి, తర్వాత ప్రయోగశాలలో రసాయనంతో తేల్చి లెక్కిస్తారు. నల్గొండ యురేనియం ప్రాంతపు ఇళ్లలో ఉస్మానియా విశ్వవిద్యాలయం రాడాన్ కొలతలు చేసింది. ఇటలీ జాతీయ అణుభౌతిక పరిశోధనా సంస్థ ‘రేడియోల్యాబ్’ పేరిట హైస్కూలు పిల్లలనే ఈ పనిలోకి దింపింది. ఇక్కడ ఫిల్ములు తేల్చే పని ఏదైనా విశ్వవిద్యాలయం తలకెత్తుకోవాలి, బడికి ఆ రసాయనాలు వద్దు. కౌంటర్లు బడికొకటి అక్కర్లేదు. మండలానికి రెండు కొని, అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడిలో ఉంచి వంతులవారీగా తిప్పితే సరిపోతుంది. వాటితో పాటు కౌంట్లు రాసే పుస్తకమూ తిరగాలి, ఈ ఏడాది జగ్గయ్యపేట పిల్లలు రాసినదాన్ని వచ్చే ఏడాది నందిగామ పిల్లలు తప్పుపట్టే వీలుండేలా.