శుద్ధిచేసిన భూమి, మిగిలిన బాధ్యత

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రమున ఓక్ రిడ్జ్ వద్ద, ద్వితీయ ప్రపంచ సంగ్రామకాలమున అణ్వస్త్రనిర్మాణమునకై కేంద్ర ప్రభుత్వము స్వాధీనము చేసికొని, నాలుగు దశాబ్దములపాటు యురేనియమును సుసంపన్నము చేయుటకు వినియోగించి, పిమ్మట విషపూరితముగా విడిచిన భూమి, నేడు శుభ్రపరుపబడి ఖండములు ఖండములుగా స్థానికుల చేతికి వచ్చుచున్నది. ఇప్పటికే వేయి ఎకరములకు పైగా బదిలీ అయినవి. ఈ బదిలీ న్యాయమైనదే. ఆలస్యముగానైనను జరుగుట సంతోషింపదగినదే. అయినను దస్తావేజుపై సంతకములు పడిన నాటితో ఆ నేలను పాడుచేసినవారి ఋణము తీరిపోయినదని తలచువారు ఇచ్చువారిలోను, పుచ్చుకొనువారిలోను కలరు. ఆ తలంపు స్థానిక ప్రజలకు హానికరమని నా దృఢాభిప్రాయము.

ఆ భూమి చరిత్ర స్మరింపదగినది. 1942లో సైన్యము అచ్చట సుమారు 59,000 ఎకరములను సేకరించినపుడు దాదాపు 3,000 మంది ఇండ్లు వాకిళ్లు విడిచి తరలిపోవలసివచ్చెను; వారిలో అనేకులకు కొన్ని వారముల గడువు మాత్రమే లభించెను. వీట్ అను పల్లె ఆ విధముగా అంతరించినది. దాని చర్చి యొకటి నేటికిని నిలిచియున్నది. ఆ పల్లె భూములలో, ఆంగ్లాక్షరమగు 'యు' ఆకృతిలో, ఒక్కొక్క బాహువు అరమైలు పొడవు గలిగి, 44 ఎకరముల నేలను ఆక్రమించుచు లేచిన కె-25 కర్మాగారము ఆ కాలమున ప్రపంచమునందెల్ల అతి విశాలమైన భవనము. 1985లో అందు పని నిలిచిపోయెను. 1987లో దానిని శాశ్వతముగా మూసివేసిరి. 1989లో ఓక్ రిడ్జ్ ప్రాంతము, దేశమున మిక్కిలి కలుషితమైన స్థలముల జాబితాకెక్కెను. 2008 డిసెంబరున కూల్చుటకు ఆరంభించిన ఆ ఒక్క భవనము పూర్తిగా నేలమట్టమగుటకు ఐదేండ్లు పట్టెను. 2020 నాటికి ఆ ఆవరణలోని కడపటి పెద్ద కట్టడములు గూడ తొలగినవి. ఒక యురేనియం సుసంపన్నకేంద్రమును సమూలముగా తొలగించుట ప్రపంచములో ఇదియే ప్రథమము. ఆ ఘనతను తగ్గించి చెప్పవలసిన పనిలేదు.

ఫలము గూడ కంటికి కనబడుచున్నది. అదే ఆవరణలో పూర్వము కె-33 అను భవనమున్న చోట కైరోస్ పవర్ అను సంస్థ, 2023 డిసెంబరులో అణునియంత్రణ సంఘమువారి అనుమతి పొంది, హెర్మీస్ అను ప్రయోగాత్మక రియాక్టరును నిర్మించుటకు పూనుకొన్నది. కేంద్రము చేతిలో నున్నంతకాలము ఆస్తిపన్ను చెల్లింపని నేల, ప్రైవేటు పరిశ్రమ చేతికి వచ్చిన పిమ్మట నగరపు పాఠశాలలకును, వీధులకును ఆదాయమునిచ్చును. ఓక్ రిడ్జ్ పట్టణమే ఒకప్పుడు కేంద్రపు సొత్తు. 1955 నాటి చట్టము ననుసరించి ఇండ్లను నివాసులకు విక్రయించిన పిదప, 1959లో అది స్వయంపాలన గల పురపాలకమైనది. కావున స్వాధీనత యన నేమో ఆ జనులెరుగుదురు. వారు ఈ భూములను కోరుట అత్యాశ కాదు.

అయితే 'శుద్ధి' యనగా ఎంతవరకు? ఈ ప్రశ్నకు సమాధానము బహిరంగసభలలో కంటె దస్తావేజుల షరతులలో స్పష్టముగా దొరకును. కర్మాగారప్రాంతమున నేలను శుభ్రపరచినది పరిశ్రమల వినియోగమునకు తగునంతవరకే, అదియును పది అడుగుల లోతు వరకే. ఇండ్లు కట్టుటకు ఆ ప్రమాణము చాలదు. అడుగున భూగర్భజలము ఇంకను కలుషితమైయున్నది. బావి త్రవ్వుట నిషిద్ధము. యంత్రముల జిడ్డును వదలించుటకు వాడిన ట్రైక్లోరోఎథిలీను నేలలోనికింకి, ఎవరి సరిహద్దులను పాటింపక నీటివెంట మెల్లగా కదలుచుండును. అట్టి భూమిని గ్రహించు స్థానికసంస్థ, పైనున్న పదడుగులతోపాటు క్రిందనున్న సందేహమును గూడ స్వీకరించుచున్నది.

ఇది ఊహ కాదు. కె-25లోని కడపటి భాగములు టెక్నీషియం-99 అను రేడియోధార్మిక పదార్థముతో మలినమైనవి. ఇది నీటిలో సులభముగా కరగును. దాని అర్ధాయువు రెండులక్షల సంవత్సరములకు మించినది. భవనము కూల్చుచున్న దినములలో ఆ పదార్థము నేలలోనికి దిగి, పాతబడిన మురుగుగొట్టముల పగుళ్లగుండ ప్రవేశించి, నగరపాలకులు నడుపుచున్న మురుగునీటి శుద్ధికేంద్రమును చేరెను. అచ్చటి బురదలో అది పేరుకొన్న సంగతి 2014లో బయటపడినది. ఒకవంక, తరతరములుగా నిలుచు రేడియోధార్మికతకు కారణమైన దేశరక్షణశాఖల వారసులు. మరియొకవంక, కాలువలు, గొట్టములు చూచుకొను నగరోద్యోగులు. ఆ బురదను తొలగించు బాధ్యత కేంద్రము పక్షమున వహింపబడుట ఉచితమే. కాని, ఇరువది సంవత్సరముల పిదప, కేంద్రపు ఇంధనశాఖవారి కార్యాలయము అచ్చట లేనినాడు, ఇట్టి సంఘటనయే జరిగినచో నగరము ఎవరి తలుపు తట్టవలెను?

చట్టమునందు దీనికొక సమాధానము లేకపోలేదు. కలుషిత స్థలముల నిమిత్తము 1980లో చేసి 1986లో సవరించిన శాసనము, కేంద్రము భూమి నిచ్చునపుడు, అవసరమైన శుద్ధి యంతయు జరిగినదనియు, ఇకముందు అవసరమని తేలినదానిని గూడ తానే జరిపించెదననియు దస్తావేజులోనే ప్రమాణము చేయవలెనని విధించుచున్నది. నా దృష్టిలో ఆ శాసనము మొత్తమునకు ఇదియే ప్రాణము. కాని 1996లో చేసిన సవరణము, రాష్ట్ర గవర్నరు సమ్మతించినచో శుద్ధి ముగియకముందే బదిలీ చేయుటకు దారితెరచినది. ఇక అణుకేంద్రముల భూములను పుచ్చుకొనువారిపై పూర్వకాలుష్యమును గురించి ఎవరేని వ్యాజ్యము వేసినపుడు నష్టము భరించు రక్షణ వేరుగా కలదు. అది అడిగినవారికే దక్కును. వివాదము పుట్టిన రెండేండ్లలోపల వ్రాతమూలకముగా తెలుపనిచో జారిపోవును. న్యాయవాదులకు కొరతలేని పెద్ద సంస్థ ఈ గడువులను మరువదు. నలుగురైదుగురు గుమాస్తాలతో నడచు చిన్న పురపాలకము మరచిపోవచ్చును. దుర్బలునికే ఎక్కువ జాగరూకతను విధించు ఈ ఏర్పాటును సవరింపవలెను. ఆ రక్షణ అడుగకయే ప్రతి దస్తావేజునకును వర్తింపవలెను.

భారమంతయు శాశ్వతముగా కేంద్రముపై నుంచినచో బదిలీలు మందగించునని కొందరందురు. కాని పెట్టుబడి పెట్టువాడు మొదట జంకునది భూగర్భమున దాగియున్న అజ్ఞాతవ్యయమునకే. ఆ భయమును తీర్చుటయే బదిలీని త్వరపరచును.

మరియొక షరతు: కొలుచువాడు వేరుగా ఉండవలెను. శాన్ ఫ్రాన్సిస్కోలోని హంటర్స్ పాయింట్ నౌకానిర్మాణస్థలమును జూడుడు. యుద్ధానంతరము నౌకాదళమువారు రేడియోధార్మిక పరిశోధనలు జరిపిన ఆ నేలలో ఒక భాగమును 2004లో నగరమునకిచ్చిరి. దానిపై ఇండ్లు లేచినవి. తక్కిన భాగముల శుద్ధికి నియుక్తమైన టెట్రా టెక్ సంస్థలో ఇరువురు పర్యవేక్షకులు, కలుషితమని అనుమానించిన చోటుల మట్టికి బదులు శుభ్రమైన మట్టిని పరీక్షకు పంపి, నేరమంగీకరించి, 2018లో కారాగారశిక్ష పొందిరి. అదే సంవత్సరమున రాష్ట్ర ఆరోగ్యశాఖవారు, శుద్ధమని ఏనాడో అప్పగించిన ఆ నివాసభాగమున వెదకగా, రేడియముపూత గల నౌకాదళపు బిళ్ల యొకటి అడుగులోపు లోతున దొరకెను. ఇచ్చువాని నివేదికనే నమ్మి పుచ్చుకొనుట ఎంతటి ప్రమాదమో ఇంతకంటె నిదర్శనము వలదు. భూమిని గ్రహించు నగరమునకు తన తరఫున పరీక్షలు జరిపించుకొనుటకు కావలసిన ధనమును ఇచ్చువాడే సమకూర్చవలెను. పరీక్షకుని ఎన్నుకొను అధికారము మాత్రము నగరమునకే యుండవలెను.

ఓక్ రిడ్జ్‌లో భూమి కొంత నగరమునకును, చాలభాగము స్థానిక పునర్వినియోగ సంస్థకును, అచటినుండి పరిశ్రమలకును చేరుచున్నది. చేతులు మారినకొలది షరతుల జ్ఞాపకము పలుచబడును. పదడుగులకు దిగువ త్రవ్వరాదని నేడు ఎరిగిన అధికారి రేపు పదవీవిరమణ చేయును. కాబట్టి ఆ నిషేధము రిజిస్ట్రారు పుస్తకములలోను, కట్టడముల అనుమతి పత్రములలోను ప్రతిపర్యాయము ఎదురుపడునట్లు వ్రాయింపవలెను.

ఈ విషయము మనకు దూరమైనది కాదు. భారతప్రభుత్వము 2025 జులైలో కలుషిత స్థలముల నిర్వహణకు నియమములు ప్రకటించి, కలుషితము చేసినవాడే శుద్ధివ్యయము భరించవలెనని నిర్ణయించినది. రేడియోధార్మిక వ్యర్థములును, గనులును మాత్రము వాని పరిధిలోనికి రావు; కావున కడపజిల్లా తుమ్మలపల్లెలో కేంద్రసంస్థ నడుపు యురేనియం గనిని, దాని వ్యర్థముల చెరువును ఆశ్రయించియున్న గ్రామములకు ఆ నియమములవలన రక్షణ లేదు. హైదరాబాదు బాలానగరులోని ఐ.డి.పి.ఎల్. అను ఔషధకర్మాగారము మొదలుగా, మూతపడిన కేంద్ర కర్మాగారముల విశాలభూములు మన నగరముల నడుమ నున్నవి. వానిని రాష్ట్రములు, పురపాలకములు కోరుట సహజమే. కోరునపుడు ఎకరముల లెక్కకు ముందు మట్టిని, నీటిని తమ మనుష్యులచేత పరీక్షింపజేసి, మున్ముందు బయల్పడు కాలుష్యమునకు కేంద్రమే బాధ్యత వహించునను వాక్యమును దస్తావేజులో వ్రాయించుకొన్న పిదపనే సంతకము చేయవలసినదిగా మన ప్రజాప్రతినిధులను ప్రార్థించుచున్నాను.