తొమ్మిది సంతకాలు కాదు, ఒక్క రుజువు కావాలి

రేఖాగణితం పరీక్షలో సిద్ధాంతం అడిగితే "మా సారు చెప్పారు, కాబట్టి నిజం" అని రాస్తే మార్కులేస్తారా? వెయ్యరు. రుజువు రాయమంటారు. మరి కోట్ల డాలర్లు దాటించే బ్లాక్‌చెయిన్ వంతెనల దగ్గర "మావాళ్లు సంతకం పెట్టారు, నమ్మండి" అంటే ఎందుకు ఒప్పుకోవాలి? ఒప్పుకోకూడదనే నా వాదన.

బ్లాక్‌చెయిన్ అంటే చాలా కంప్యూటర్లు కలిసి రాసే ఖాతా పుస్తకం. ఒక పుస్తకంలో ఏం రాశారో ఇంకో పుస్తకానికి దానంతట అది తెలియదు. అందుకే వంతెన. ఇటువైపు సొమ్ముకు తాళం వేస్తారు, అటువైపు అంతే విలువైన టోకెన్లు ఇస్తారు. తాళం నిజంగా పడిందని అటువైపు చెప్పేదెవరు? చిక్కంతా ఇక్కడే. చాలా వంతెనలు ఆ పని కొద్దిమంది సంతకాలకు వదిలేశాయి.

ఫలితం 2022 మార్చిలో చూశాం. యాక్సీ ఇన్ఫినిటీ అనే ఆట కోసం కట్టిన రోనిన్ వంతెనకు 9 తాళంచెవులు. 5 సంతకాలుంటే చాలు. అందులో 4 చెవులు ఒకే కంపెనీవి. దొంగలు ఆ నాలుగూ, ఇంకొకటీ సంపాదించి 1,73,600 ఈథర్ నాణేలు, వాటితో పాటు 2.55 కోట్ల డాలర్ల విలువైన టోకెన్లు పట్టుకుపోయారు. ఆరు రోజులదాకా ఎవరూ గమనించలేదు! ఫిలిప్పీన్స్‌లో ఈ ఆట మీద ఇల్లు గడుపుకున్నవాళ్లున్నారు. పేరుకు తొమ్మిదిమంది కాపలా. దొంగకు మాత్రం దాదాపు ఒకే ఇంటి తలుపు.

దీనికి మందు జీరో నాలెడ్జ్ రుజువు. రహస్యం బయటపెట్టకుండానే మాట నిజమని చూపే ఈ ఆలోచనను గోల్డ్‌వాసర్, మికాలీ, రాకాఫ్ 1985లో ముందుకు తెచ్చారు. అయితే వంతెనకు అక్కరకొచ్చేది రహస్యం కన్నా, తర్వాత వచ్చిన రుజువుల పొట్టిదనం. "మొదటి బ్లాక్‌చెయిన్ సంతకాలన్నీ సరిచూశాం, ఈ లావాదేవీ అందులో ఉంది" అనే పెద్ద లెక్కకు చిన్న రుజువు తయారవుతుంది. రెండో బ్లాక్‌చెయిన్ దాన్ని తానే సరిచూసుకుంటుంది. రుజువు మోసుకొచ్చినవాడు దొంగైనా ఫర్వాలేదు. అబద్ధానికి రుజువు పుట్టించడం వాడి తరం కాదు. మొదటి బ్లాక్‌చెయిన్‌ను నమ్మితే చాలు, మధ్యవర్తిని నమ్మక్కర్లేదు.

"ఖర్చెక్కువ" అంటారు. నిజమే, రుజువు తయారీకి గట్టి కంప్యూటర్లు కావాలి. కానీ రోనిన్‌లో పోయినదాని ముందు అదెంత? "ప్రోగ్రాంలోనే తప్పుంటే?" అన్నది అసలైన ప్రశ్న. 2022 ఫిబ్రవరిలో వార్మ్‌హోల్ వంతెనలో సంతకాలు సరిచూసే ప్రోగ్రాం లోపంతో, అవతల సొమ్ము పెట్టకుండానే 1,20,000 ఈథర్ విలువైన టోకెన్లు పుట్టించారు. అందుకే ప్రోగ్రాంను అందరూ చదివేలా బయటపెట్టాలి, రోజుకు దాటే సొమ్ముకు హద్దు పెట్టాలి. బయటపెట్టిన తప్పును ఎవరైనా ముందే పట్టుకోవచ్చు. ఎవరి జేబులోనో ఉన్న తాళంచెవి పోతే, సొమ్ము పోయాకే తెలుస్తుంది.

మనుషుల్ని నమ్మొద్దని నేననడం లేదు. పదిమంది సొమ్ము మోసేవాడు ఎంత మంచివాడైనా లెక్క చూపించాల్సిందే. చూపించే దారి ఉండి కూడా "నమ్మండి" అనేవాణ్ణే ముందు అనుమానించాలి.