హైదరాబాద్‌లో వీడ్కోలు, తెరపై రౌడీ వేషం: ఐ.ఎం. విజయన్‌ రెండో కెరీర్‌

2003లో హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో-ఏషియన్‌ క్రీడల్లో భారత ఫుట్‌బాల్‌ జట్టు రజతం గెలిచింది. టోర్నీలో 4 గోల్స్‌ కొట్టి అందరికంటే ముందు నిలిచింది ఐ.ఎం. విజయన్‌. అంతర్జాతీయ ఆటకు ఆయన వీడ్కోలు పలికింది ఆ టోర్నీతోనే. మూడేళ్లకే ఆయన మళ్లీ తెలుగువారి ముందుకు వచ్చారు. విశాల్‌ తమిళ చిత్రం ‘తిమిరు’ తెలుగులో ‘పొగరు’గా విడుదలైంది. అందులోని రౌడీ ఆయనే. ఎంతమంది గుర్తుపట్టారన్నది అనుమానమే.

విజయన్‌ మామూలు ఆటగాడు కాదు. త్రిశూర్‌ మున్సిపల్‌ స్టేడియంలో సోడాలు అమ్ముకున్న కుర్రాడు కేరళ పోలీస్‌ జట్టులో చేరి, మోహన్‌ బగాన్‌, జేసీటీ, ఎఫ్‌సీ కొచ్చిన్‌లకు ఆడి, దేశానికి కెప్టెన్‌ అయ్యాడు. 1993, 1997, 1999లలో మూడుసార్లు అఖిల భారత ఫుట్‌బాల్‌ సమాఖ్య ఉత్తమ ఆటగాడు. 1999 దక్షిణాసియా క్రీడల్లో భూటాన్‌పై 12వ సెకనులోనే గోల్‌ కొట్టాడు.

నటుడిగా మంచి పాత్ర ఇంకా ఆడుతుండగానే దొరికింది. జయరాజ్‌ తీసిన మలయాళ చిత్రం ‘శాంతం’లో, రాజకీయ కక్షలో స్నేహితుణ్ణి చంపి ఆ పాపభారంతో నలిగిపోయే యువకుడి పాత్ర అది. 2000 సంవత్సరానికి జాతీయ ఉత్తమ చిత్రం పురస్కారం ఆ సినిమాదే. అలాంటి ఆరంభం తర్వాత వాణిజ్య సినిమా ఆయనకు ఏమిచ్చింది? కత్తి పట్టే వేషాలు. 2019లో వచ్చిన విజయ్‌ చిత్రం ‘బిగిల్‌’ (తెలుగులో ‘విజిల్‌’) మహిళా ఫుట్‌బాల్‌ జట్టు కథ. ఆ సినిమాలో కూడా దేశం చూసిన గొప్ప స్ట్రైకర్లలో ఒకరికి దక్కింది గ్యాంగు పెద్ద పాత్రే!

మైదానం పేరు తెరకు పనికిరావడం కొత్తేం కాదు. ఇంగ్లండ్‌లో మొరటు ఆటకు పేరుపడ్డ విన్నీ జోన్స్‌ 1998లో గై రిచీ సినిమాతో గూండా పాత్రలకు చిరునామా అయ్యాడు. 30 ఏళ్లకే బూట్లు విప్పేసిన ఎరిక్‌ కాంటోనాను, 2009లో కెన్‌ లోచ్‌ కాంటోనాగానే నటింపజేశాడు. వాళ్ల విషయంలో ప్రేక్షకుడికి తెలిసిన ఆటగాడే తెరమీదికి నడిచి వచ్చాడు. విజయన్‌ విషయంలో జరిగింది వేరు. అభిమానులు ఆయన్ను నల్లజింక అని పిలుచుకున్నారు. రంగు, వేగం, ఒడుపు అన్నీ ఆ పేరులో ఉన్నాయి. సినిమా రంగు ఒక్కటే తీసుకుంది. నల్లగా, దృఢంగా ఉన్న శ్రామికుడి శరీరం కనిపిస్తే మన దర్శకులకు ముందు తట్టేది విలనే. 2021 నాటి కురుంబ భాషా చిత్రం ‘సౌండ్‌ ఆఫ్‌ పెయిన్‌’లో తేనె సేకరించే ఆదివాసీగా నటించే అవకాశం రావడానికి రెండు దశాబ్దాలు పట్టింది.

ఇంతకీ ఆయన్ను నిలబెట్టింది సినిమా కాదు, పోలీసు ఉద్యోగం. పద్మశ్రీ వచ్చిన 2025లోనే, ఏప్రిల్‌లో, ఆయన మలబార్‌ స్పెషల్‌ పోలీస్‌ నుంచి డిప్యూటీ కమాండెంట్‌గా రిటైరయ్యారు. కేరళ పోలీస్‌ వంటి శాఖల జట్లలో చేరిన ఆ తరానికి ఆటతోపాటు జీతం, పెన్షన్‌ కూడా ఉండేవి. 2014లో మొదలైన ఇండియన్‌ సూపర్‌ లీగ్‌లో డబ్బు ఎక్కువే, కానీ అది కాంట్రాక్టు ఉన్నంతవరకే. 2025 జులైలో లీగ్‌ నిర్వహణ హక్కుల ఒప్పందంపై స్పష్టత లేక కొత్త సీజన్‌ ఆగిపోయింది. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ తన సీనియర్‌ జట్టుకు, సిబ్బందికి జీతాలు నిరవధికంగా నిలిపేస్తున్నట్టు ప్రకటించింది. సునీల్‌ ఛెత్రి ఆడే క్లబ్‌ అది.